ఐదు మార్కుల ఉప్పు

ఫహాహీల్‌లో మా గదికి ఒకటే కిటికీ.
దాని కింద మడతబల్ల,
బల్ల మీద తన్మయి చరిత్ర పుస్తకం,
యాభై ఫిల్సుకొకటి చొప్పున కొన్న అవుట్‌లైన్ మ్యాపులు.

పదో తరగతి. సోషల్‌కి ఇంకా వారం.
చంపారన్ దగ్గర చుక్క పెడుతుంది, ఖేడా దగ్గర పెడుతుంది,
చౌరీచౌరా మాత్రం రోజుకో జిల్లాకి కాపురం మారుస్తుంది.
"ఇంకొంచెం పైకి" అంటాను
నేనేదో చూసొచ్చినట్టు.

మ్యాపులో మేము లేము.
గుజరాత్ దాటాక ఎడమవైపు తెల్లకాగితం,
కాగితం దాటాక బల్ల చెక్క,
కువైట్ ఉండాల్సిన చోట
తను సగం తిని వదిలేసిన ఖుబ్బూజ్.

నాకు షుఐబా ప్లాంటులో పని.
సముద్రాన్ని కాచి
మంచినీళ్ళు ఊరికిస్తాం, ఉప్పునీళ్ళు మళ్ళీ సముద్రానికే పోస్తాం.
గొట్టాల్లో గార కట్టిన ఉప్పుని గీకేది మా బ్యాచి.
పద్నాలుగేళ్ళుగా గీకుతున్నాను,
అదీ పడుతూనే ఉంది.

రాత్రిపూట ప్రశ్నలడగడం నా వంతు.
ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను,
తను ముందు నా పలుకుకి నవ్వి
తర్వాత జవాబు చెబుతుంది.
పంతొమ్మిది, ఇరవై, ఇరవై రెండు, ముప్పై,
రేవులో బట్టలు బాదినట్టు సంవత్సరాలు.

ఒక పేజీలో ఉన్నట్టుండి గూడెం కొండలు.
ఒక్క పేరా.
నేను పుస్తకం మూసేశాను.
"ఇది నేను చెబుతా, ఇలా కూర్చో."

అడ్డతీగల అవతల మా తాతమ్మ వాళ్ళ ఇల్లు.
అర్ధరాత్రి తలుపు తట్టి దాహమన్నారట ఎవరో.
చీకట్లోనే ఇత్తడి చెంబు అందించింది.
వాళ్ళు తాగారు. చెంబుతోనే వెళ్ళిపోయారు.
తెల్లారి పోలీసులొచ్చి అడిగితే
ఎవరూ రాలేదంది.
అత్తగారడిగితే బావిలో పడిందంది.
ఆ బావిని రెండుసార్లు తోడించారు, పాపం.
మా మామ్మ కాలం దాకా
పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ ఆ చెంబు గొడవ...

తన్మయి గడియారం చూసింది.
"నాన్నా, ఇది మూడు మార్కులే.
చెంబుకి మార్కులుండవు."

ఇరవై ఐదో తారీఖు వీళ్ళ జాతీయ దినం.
కార్లకి జెండాలు, పిల్లల చేతుల్లో నీళ్ళ తుపాకులు,
వీధి వీధంతా హారన్లు.
ఎవడో విసిరిన నీళ్ళ బెలూను
కిటికీ ఊచకి తగిలి పగిలి
మ్యాపులో పంజాబంతా తడిసిపోయింది.
కింద హారిస్ అబూ ముస్తఫా వాళ్ళమీద కేకలేశాడు,
నవ్వుతూనే.

ఇస్త్రీపెట్టెతో మ్యాపు ఆరబెడుతూ అడిగింది:
"వీళ్ళకి స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది నాన్నా?"
ఈ ఊరు తాగే నీళ్ళు నా చేతులమీదుగా పోతాయి.
నాకు తెలీదు.
"సిలబస్‌లో ఉందా?" అన్నాను.
"లేదు."
ఇద్దరం కాసేపు హారన్లు విన్నాం.

పరీక్ష పొద్దున కంపెనీ పికప్‌లో
తను కళ్ళు మూసుకుని గొణుగుతోంది,
రెండువందల నలభై మైళ్ళు, ఇరవై నాలుగు రోజులు,
డెబ్బై ఎనిమిది మంది...
స్పీడ్ బ్రేకర్ దగ్గర లెక్క తప్పి
మళ్ళీ సబర్మతి నుంచి బయల్దేరింది.

దింపాక చూస్తే సీటు మీద మ్యాపు మిగిలింది.
ఎడమవైపు తెల్లకాగితంలో
పెన్సిల్ చుక్క ఒకటి పెట్టి
చెరిపేసిన మరక.
అనవసరంగా పెడితే మార్కులు కోస్తారేమో మరి.

పదకొండున్నరకి గేటు బయటికొచ్చింది,
వేలికి ఇంకు, నుదుటికి ఇంకు.
"గూడెం వచ్చిందా?"
"రాలేదు నాన్నా. ఉప్పు వచ్చింది. ఐదు మార్కులు."
"ఏం రాశావు?"
"నడుచుకుంటూ సముద్రం దాకా వెళ్ళి
నీళ్ళు కాచి ఉప్పు తీశారని.
అదొక్కటే నేరమని."

రెండింటికి షిఫ్టెక్కి
మూడో నంబరు గొట్టం మూత విప్పాను.
లోపల అరచెయ్యి మందాన, తెల్లగా.
గీకుడు కత్తి చేతిలోనే ఉంది.
ఫోర్‌మన్ రెండోసారి పిలిచేదాకా
గీకలేదు.